మలుపులో టకటక

శ్రోతలకు నమస్కారం.

కారు తిన్నగా పోతున్నంతసేపు ఏ చప్పుడూ ఉండదు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరికి వచ్చి స్టీరింగ్ బాగా తిప్పగానే ముందు చక్రం దగ్గర టక్ టక్ టక్ అని మొదలవుతుంది. మలుపు దాటగానే ఆగిపోతుంది. చాలామంది దీన్ని నెలల తరబడి పట్టించుకోరు. మన ప్రయాణాల్లో ఎక్కువ భాగం హైవేలే కదా! నార్కట్‌పల్లి నుంచి, జడ్చర్ల నుంచి హైదరాబాద్ పోయేవాళ్లకు అది వినిపించే సందర్భమే తక్కువ. అదే మన్ననూరు దాటి నల్లమలలో శ్రీశైలం దారి పట్టండి, మలుపు మలుపుకూ వినిపిస్తుంది. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

అంబాసిడర్, పద్మిని కార్ల కాలంలో ఈ జబ్బు లేదు. వాటిలో ఇంజన్ బలం వెనక చక్రాలకు పోయేది, ముందు చక్రాల పని దారి మళ్లించడం వరకే. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. అందులో కారును లాగేవీ ముందు చక్రాలే, మళ్లేవీ అవే. ఇప్పటి ఆల్టో, స్విఫ్ట్, ఐ10 లాంటివన్నీ ఆ పద్ధతివే. పక్కకు తిరిగిన చక్రానికి కూడా ఇంజన్ బలం కుదుపు లేకుండా అందాలి. ఆ పని చేసేదే సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ) జాయింట్. ముందు ఒక్కో చక్రానికి ఇవి రెండు: చక్రం వైపు బయటిది, గేర్‌బాక్స్ వైపు లోపలిది. మెకానిక్ మాటల్లో అయితే వాటిని కలిపే కడ్డీతో సహా మొత్తం యాక్సిలే.

గిన్నె ఆకారపు ఉక్కు భాగంలో గాడులు, వాటిలో సాధారణంగా ఆరు ఉక్కు గుండ్లు, చుట్టూ నల్లటి గ్రీజు. వాటన్నిటినీ కప్పి ముడతల ముడతల రబ్బరు బూటు. అసలు కథంతా ఆ బూటుదే. మన దగ్గరి ఎండలకు రబ్బరు పాత చెప్పులా పగుళ్లు తేలుతుంది. కంకర రాయి తగిలి చిరగొచ్చు, ఎలుక కొరకనూ వచ్చు. చిరిగిన చోటు నుంచి గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఇసుక, నీళ్లు లోపలికి పోతాయి. గుండ్లు తిరిగే గాడులు అరిగి గుంటలు పడతాయి. చక్రం తిప్పినప్పుడు గుండ్లు ఆ గుంటల్లో పడి లేస్తుంటే వచ్చేదే మన టకటక. కాబట్టి చప్పుడు వినిపించే నాటికి జబ్బు ముదిరినట్టే లెక్క.

పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఖాళీ మైదానం చూసుకుని, అద్దాలు దించి, పాటలు ఆపండి. స్టీరింగ్ చివరిదాకా ఎడమకు తిప్పి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ నెమ్మదిగా చుట్టూ తిరగండి. తర్వాత కుడికి. ఎడమకు తిరిగినప్పుడు చప్పుడు పెద్దదైతే సాధారణంగా కుడి వైపు బయటి జాయింట్, కుడికి తిరిగినప్పుడైతే ఎడమది. అయినా తేల్చాల్సింది చెవి ఒక్కటే కాదు. చక్రం లోపలి అంచుకూ, చుట్టుపక్కల భాగాలకూ నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే అనుమానమే అక్కర్లేదు.

మిగతా చప్పుళ్లనూ వేరు చేయాలి. కారు నిలబడి ఉండగానే స్టీరింగ్ తిప్పితే టక్‌మంటోందా? అది జాయింట్ కాదు, షాకబ్జార్బర్ పైనుండే మౌంటు దగ్గరో, స్టీరింగ్ భాగాల్లోనో చూడాలి. వేగం పెరిగేకొద్దీ గుయ్‌మని మోత పెరిగితే వీల్ బేరింగ్. తిన్నగా పోతున్నా టిక్ టిక్‌మంటే టైరు గాడిలో రాయి ఇరుక్కుందేమో. వీటన్నిటికంటే ముందుగా, వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి, అవి వదులైనా చప్పుడు వస్తుంది, అది ప్రాణాల మీదికి తెస్తుంది. వెనక చక్రాలతో నడిచే బొలెరో లాంటి బండిలో టకటక వస్తే ఈ లెక్క వర్తించదు.

చప్పుడు ఇంకా రాకముందే బూటు చిరిగిందని తెలిస్తే అదృష్టమే. జాయింట్ విప్పి, కడిగి, కొత్త గ్రీజు నింపి, కొత్త బూటు వేస్తే సరిపోతుంది. తక్కువ ఖర్చుతో తేలుతుంది. అందుకే సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా, బండి పైకి లేపగానే నాలుగు బూట్లూ టార్చ్ వేసి చూపించమనండి. చప్పుడు మొదలయ్యాక గ్రీజు నింపితే కొన్నాళ్లు నోరు మూసుకుంటుందేమో గానీ అరిగిన గాడులు పూడవు. "అన్నా, యాక్సిల్ మార్చుడే" అని మెకానిక్ అంటే అది ప్రతిసారీ మోసం కాదు. కొన్ని బండ్లకు బయటి జాయింట్ ఒక్కటే దొరుకుతుంది, అడగండి.

అలాగే నడుపుతూ పోతే ఏమవుతుంది? జాయింట్ విరిగితే ఇంజన్ తిరుగుతుంది గానీ బండి కదలదు. బ్రేకులు పని చేస్తాయి. అయితే ఘాట్‌లో ఒక సంగతి మరవొద్దు: అప్పుడు గేరులో ఉంచినా, ఆటోమేటిక్‌లో పార్కింగ్ గేరు వేసినా బండి నిలబడదు. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, చక్రం కింద రాయి పెట్టాకే దిగండి.

షెడ్డులో గమనించాల్సినవి కొన్నే. సీవీ జాయింట్ గ్రీజే వాడాలి, ట్రాక్టర్‌కు కొట్టే మామూలు గ్రీజు పనికిరాదు. బూటును తీగతో కట్టనివ్వకండి, క్లాంపు వేయించండి. యాక్సిల్ లాగినప్పుడు గేర్ ఆయిల్ కారుతుంది, తక్కువైనంత పోయించాలి. చక్రం మధ్యలో యాక్సిల్‌ను పట్టి ఉంచే హబ్ నట్టు కొత్తది వేసి, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన లెక్కకు బిగించాలి.

తీసిన పాత జాయింట్‌ను తుడిపించి చూడండి. గాడుల్లో గుంటలు కనిపిస్తే డబ్బు సరైన చోటే పెట్టారు. నున్నగా మెరుస్తుంటే మాత్రం బిల్లు కట్టకముందే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అదే మైదానంలో రెండు వైపులా తిప్పి చూపించండి.