గ్రాఫిక్స్ కార్డుతో స్పీడు కన్వర్షన్ (జాతర టేపులు కూడా)

తమ్ముడు: అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి అక్కా తమ్ముడూ మళ్ళీ వచ్చేశాం. ఈరోజు మీలో చాలామంది అడిగిన టాపిక్: గ్రాఫిక్స్ కార్డు వాడి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే, కమాండ్లతో నడిచే వీడియో సాఫ్ట్‌వేర్‌తో వీడియోలు త్వరగా మార్చడం. కమాండ్ లైన్ అంటే భయం వద్దు.

అక్క: పీలేరు పెద్దాయన కోసం నిదానంగా చెప్పు.

తమ్ముడు: ఆయన ఈపాటికే చేసేసి ఉంటాడక్కా! సరే. ఎన్విడియా వాళ్ళు 2012లో కెప్లర్ కార్డులతో ఎన్‌వెంక్ తెచ్చారు. ఎన్‌కోడింగ్, అంటే వీడియోని కుదించి రాయడం కోసమే చిప్‌లో ఒక విడి భాగం అది. గేములు నడిపే కోర్లు వేరు. కమాండ్‌లో ప్రాసెసర్‌తో ఎన్‌కోడ్ చేసే లిబ్‌ఎక్స్264 అని రాసే చోట హెచ్264 అండర్‌స్కోర్ ఎన్‌వెంక్ అని రాస్తే ఆ బరువు ప్రాసెసర్ మీద నుంచి దిగిపోతుంది.

అక్క: అదొక్కటీ మారిస్తే చాలనుకుంటారు.

తమ్ముడు: చాలదు. ఇన్‌పుట్ ఫైలు పేరుకు ముందు హెచ్‌డబ్ల్యూయాక్సెల్ కుడా, హెచ్‌డబ్ల్యూయాక్సెల్ అవుట్‌పుట్ ఫార్మాట్ కుడా, రెండూ పెట్టాలి. కుడా అంటే ఎన్విడియా కార్డు మీద పని నడిపే పద్ధతి. రెండోది మర్చిపోతే కార్డు డీకోడ్ చేసిన, అంటే విప్పిన ప్రతి ఫ్రేమూ ర్యామ్‌లోకి వచ్చి, ఎన్‌కోడింగ్‌కి మళ్ళీ కార్డులోకి పోతుంది.

అక్క: ఒక్కో లడ్డూకి కొండ దిగి ఎక్కినట్టు.

తమ్ముడు: అంతే. ఇంకోటి, ఎంకేవీని ఎంపీ4 చేయడానికైతే చాలాసార్లు కార్డే అక్కర్లేదు. హైఫన్ సి కాపీ అంటే చాలు, ఎన్‌కోడింగ్ లేకుండా పెట్టె మాత్రమే మారుతుంది.

అక్క: మరి జాతర టేపులు?

తమ్ముడు: వచ్చేసింది! నేను టైమ్ చూసుకుంటూనే ఉన్నా.

అక్క: ఊర్లో ఎన్ని ఇళ్ళల్లో బీరువాల్లో పడున్నాయో తెలుసా ఆ మినీ డీవీ క్యామ్‌కార్డర్ టేపులు! గంగమ్మ జాతర, పెళ్ళిళ్ళు, అన్నీ అందులోనే. నువ్వు చెప్పిన కమాండ్ వాటికి పనికిరాదు. డీవీని డీకోడ్ చేయడం ఎన్విడియా కార్డుకి రాదు.

తమ్ముడు: రాదు, ఒప్పుకుంటా. డీకోడింగ్ ప్రాసెసర్ చేస్తుంది, అది తేలికే. ఆ తర్వాత ఫిల్టర్‌లో హెచ్‌డబ్ల్యూఅప్‌లోడ్ కుడా అంటే ఫ్రేములు కార్డులోకి పోతాయి. దాని వెనకే యాడిఫ్ కుడా, అది ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చే డీఇంటర్‌లేసర్.

అక్క: యాడిఫ్‌కి ఈక్వల్‌టూ ఒకటి అని పెట్టాలి. అది చెప్పకుండా పోవద్దు. టేపులో సెకనుకు 50 ఫీల్డులు ఉంటాయి, ఒక్కోటీ ఒక గీత వదిలి ఒక గీత ఉన్న సగం బొమ్మ. ఒకటి పెడితే 50 ఫ్రేములూ వస్తాయి. ఏమీ పెట్టకపోతే 25 వస్తాయి, కదలికలో సగం పోతుంది. మామయ్య టేపు ఒక షాపులో ఇస్తే అట్లే చేసిచ్చారు. పలక కొట్టే పుల్ల ఒక ఫ్రేములో పైనుంటే తర్వాతి ఫ్రేములో కిందుంటుంది. నడుమ దెబ్బే లేదు!

తమ్ముడు: ఫోన్లో చూసేవాళ్ళకు అది తెలుస్తుందా?

అక్క: తెలుస్తుందిరా. జాతరలో బండ వేషం రోజు మామయ్య ఒళ్ళంతా కుంకుమ. పాల్ టీవీ పద్ధతి డీవీలో వెలుగు 720 బై 576 ఉంటే, రంగు 360 బై 288 మాత్రమే. అందులోనూ ఫీల్డులు రెండు. అది చూసుకోకుండా మార్చారు కాబట్టి భుజం అంచున ఎరుపు దువ్వెన పళ్ళలా చీలిపోయింది. ముందురోజు బైరాగి వేషంలో తెల్ల నామం సుద్ద కాబట్టి అంతగా తెలీలేదు. ఎరుపులోనే బయటపడింది.

తమ్ముడు: ... ఆ టేపులో ఆయన నవ్వుతాడు కదా, వేపమండ పట్టుకుని.

అక్క: ఆ నవ్వు కోసమే నా గొడవంతా. ఇప్పుడా మనిషి లేడు.

తమ్ముడు: సరే అక్కా. అయితే ఎన్‌వెంక్‌లో అన్నిటికన్నా నిదానమైన పి7 ప్రీసెట్, సీక్యూ తక్కువ (అంటే క్వాలిటీ ఎక్కువ) పెట్టి ఒక్కసారి మార్చేసి, డీవీ ఫైళ్ళు తీసేద్దాం. గంటకు దాదాపు 13 జీబీ. డిస్క్ నిండిపోయింది.

అక్క: తీసేయడమా? ఆ మాటే ఎత్తొద్దు! అదే సైజులో ఎక్స్264ని స్లోలో నడిపితే ఇంకా బాగా వస్తుంది.

తమ్ముడు: ట్యూరింగ్ కార్డుల నుంచి ఎన్‌వెంక్ చాలా మెరుగైందక్కా.

అక్క: మెరుగవనీ. చుట్టాలకు వాట్సాప్‌లో పంపడానికి నీ స్పీడు కమాండే వాడు, నేనేం వద్దనను. అసలు ఫైలు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. ఇంకో పదేళ్ళకు మంచి డీఇంటర్‌లేసర్ వస్తే దేనిమీద నడుపుతావు? నీ ఎంపీ4 మీదా?

తమ్ముడు: అట్లయితే ఇంకో డిస్క్ కొనాలి.

అక్క: రెండు కొను. ఒకటి మదనపల్లెలో అత్త ఇంట్లో పెడదాం.

తమ్ముడు: ఇడ్లీ పందెం తర్వాత అత్త మనల్ని ఇంట్లోకి రానిస్తుందా?

అక్క: డిస్క్‌ను రానిస్తుంది.

తమ్ముడు: ఏవీ1 అనే వీడియో ఫార్మాట్ గురించి కూడా చెప్తామన్నాం...

అక్క: అది ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ నుంచే ఎన్‌కోడ్ అవుతుంది. మన కార్డులో లేదు, అయిపోయింది. యాడిఫ్ ఈక్వల్‌టూ ఒకటి మర్చిపోవద్దండీ.

తమ్ముడు: మూడోసారి చెప్పావు. నాన్న పిలుస్తున్నాడు, ఆపేస్తున్నా.

అక్క: ఆగు, ఆడియో కాపీ చేయొద్దని చెప్పనేలే...