సీబోలా: బంగారం కోసం పోతే మొక్కజొన్న దొరికింది

యాంకర్: నమస్కారం. స్పెయిన్ వాళ్లను వందల మైళ్లు నడిపించిన సీబోలా, అంటే ‘ఏడు బంగారు నగరాలు’ ఇవాళ్టి చర్చ. మేడమ్, ఈ పుకారు ఎక్కడ పుట్టింది?

చరిత్ర అధ్యాపకురాలు: ఏడుగురు బిషప్పులు సముద్రం దాటి ఏడు ఊళ్లు కట్టారన్న కథ వాళ్ల దేశంలో పాతదే. పైగా మెక్సికోలో, పెరూలో బంగారం నిజంగానే కళ్లజూశారు. ఇక ఎవరేం చెప్పినా నమ్మేశారు. 1539లో మార్కోస్ ద నీసా అనే సన్యాసి ఉత్తరానికి వెళ్లొచ్చి, మెక్సికో నగరం కంటే పెద్ద ఊరు చూశానన్నాడు.

యాంకర్: ఊళ్లోకి వెళ్లాడా?

అధ్యాపకురాలు: లేదండీ, దూరం నుంచే చూశానన్నాడు. ముందుగా వెళ్లింది ఎస్తెవానికో, మొరాకోలో పుట్టిన బానిస. ఆయన్ను అక్కడ చంపేశారు. దారి వేసిన ఆ మనిషి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, అది నాకు బాధ.

పురావస్తు పరిశోధకుడు: మార్కోస్ మాట నమ్మి 1540లో స్పెయిన్ సేనాని కొరొనాడో బయల్దేరాడు. మూడు వందల పైచిలుకు స్పెయిన్ వాళ్లు, వెయ్యికి పైగా మెక్సికో స్థానికులు. జూలైలో ఇప్పటి అమెరికాలోని న్యూ మెక్సికోలో ఉన్న హావికూ చేరేసరికి తిండి అయిపోయింది. అది జూనీలనే స్థానికుల ఊరు. రాయి, మట్టితో అంతస్తులుగా కట్టిన మిద్దెలు, ఎక్కడానికి నిచ్చెనలు. అంతే! అక్కడ మెరిసింది కొరొనాడో తల మీది బంగారు పూత టోపీ ఒక్కటే. మిద్దెల మీంచి రాళ్లన్నీ దానికే గురిపెట్టారు. కింద పడిపోయిన ఆయన్ను తోటివాళ్లు అడ్డుపడి కాపాడారు. ఊరు చేజిక్కాక సైనికులు ముందు చేసిన పని మొక్కజొన్న తినడం.

యాంకర్: అంటే మార్కోస్ అబద్ధాలకోరేనా సర్?

పరిశోధకుడు: కొరొనాడో మెక్సికోలోని స్పెయిన్ వైస్రాయికి రాసిన ఉత్తరంలో అదే అన్నాడు, ఆయన చెప్పిందేదీ నిజం కాదని.

అధ్యాపకురాలు: ఒక్క నిమిషం సర్, తప్పంతా ఆయన మీదే వేయకండి. గుమ్మాలకు నీలిపచ్చ రాళ్లు పొదిగారని విన్నదే ఆయన రాశాడు. గోడలకు బంగారం పూసింది మెక్సికోలో జనం నోళ్లే. అసలు నష్టం జూనీలది, వాళ్ల పొరుగు ఊళ్లది. ఆ చలికాలం రియో గ్రాండె నది ఒడ్డున స్పెయిన్ వాళ్లు దుప్పట్లు, తిండి లాక్కున్నారు. ఎదురు తిరిగితే ఊళ్లు తగలబెట్టారు.

యాంకర్: అయినా వెతకడం ఆపలేదు?

పరిశోధకుడు: ఆపలేదు. ‘తుర్కవాడు’ అని పేరు పెట్టిన ఒక బందీ, తూర్పున క్వివిరా అనే ప్రాంతంలో బంగారం ఉందన్నాడు. 1541లో వాళ్లను మహా మైదానాల్లో తిప్పాడు. గుర్రాలు అలిసి చచ్చేలా తిప్పమని పెకోస్ అనే స్థానికుల ఊరివాళ్లే చెప్పారని చివరికి ఒప్పుకున్నాడు.

అధ్యాపకురాలు: పెకోస్ వాళ్ల గడ్డ నుంచి స్పెయిన్ వాళ్లను దూరంగా తీసుకుపోయాడు ఆయన. నా దృష్టిలో అది మోసం కాదు. స్పెయిన్ వాళ్లు ఆయన్ను పీక నొక్కి చంపేశారు.

యాంకర్: క్వివిరాలో ఏం కనిపించింది?

పరిశోధకుడు: ఇప్పటి కాన్సాస్‌లో గడ్డి ఇళ్లు. ఊరిపెద్ద మెడలో ఒక రాగి ముక్క. దాన్నే కొరొనాడో వైస్రాయికి పంపించాడు.