హూటర్ మోగాక కూడా ఆట ఉంటుంది

అందరికీ నమస్కారం. ఈ సభలో వ్యాయామ ఉపాధ్యాయులు, కబడ్డీ కోచ్‌లే ఎక్కువ కాబట్టి రగ్బీ పుట్టుపూర్వోత్తరాల జోలికి పోవడం లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్ మహిళల రగ్బీ సెవెన్స్‌ను ముందు పెట్టుకుని, ఈ ఆటలో మ్యాచ్ ఎక్కడ తేలుతుందో చూద్దాం. అంతా పరుగులోనే ఉందని బయటివాళ్లు అనుకుంటారు. పరుగు కావాలి, కాదనం. కానీ పెద్ద జట్లన్నిట్లోనూ పరుగెత్తేవాళ్లు ఉంటారు. తేడా పడేది డ్రాప్ కిక్ దగ్గర, అంటే బంతిని నేలకు వదిలి, అది లేవబోతుండగా కొట్టే కిక్ దగ్గర.

లెక్కలు ముందు చెప్పేసుకుందాం. మైదానం పదిహేను మంది ఆడే రగ్బీదే: వంద మీటర్ల పొడవు, డెబ్బై మీటర్ల వెడల్పు. ఆడేది మాత్రం జట్టుకు ఏడుగురు. ఏడేసి నిమిషాల రెండు భాగాలు, నడుమ రెండు నిమిషాల విరామం. చేత్తో పాసు పక్కకో వెనక్కో ఇవ్వాలి తప్ప ముందుకు ఇవ్వకూడదు. అవతలివాళ్ల గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. ఆ తర్వాత గోలు స్తంభాల మధ్య, అడ్డకర్ర మీదుగా కొట్టే కన్వర్షన్‌కు 2.

పారిస్‌లో 2024 జూలై 30న కాంస్య పతకం కోసం అమెరికా, ఆస్ట్రేలియా ఆడాయి. సమయం అయిపోవస్తోంది, ఆస్ట్రేలియా 12-7తో ముందుంది. అమెరికా క్రీడాకారిణి అలెక్స్ సెడ్రిక్ సొంత గోల్ గీతకు దగ్గర్లో బంతి అందుకుంది. మీద పడ్డవాళ్లను విదిలించుకుని మైదానం ఆ చివరికి పరుగెత్తింది. అందరికీ గుర్తుండిపోయింది ఆ పరుగే. కోచ్ చూడాల్సింది మాత్రం ఆమె బంతిని ఎక్కడ ఆనించిందన్నది. సరిగ్గా గోలు స్తంభాల మధ్య. ట్రైతో 12-12 అయింది, కన్వర్షన్ కూడా తనే కొట్టి 14-12 చేసింది. రెండు జట్లవీ రెండేసి ట్రైలే. పతకం ఒక్క కన్వర్షన్ తేడాతో వచ్చింది.

ట్రై ఎక్కడ చేస్తే, దానికి ఎదురుగా, పక్క గీతకు సమాంతరంగా వెనక్కి వచ్చి కన్వర్షన్ కొట్టాలి. మూలన చేసిన ట్రైకి కోణం ఇరుకైపోతుంది. స్తంభాల మధ్య ఎడం 5.6 మీటర్లే, అడ్డకర్ర 3 మీటర్ల ఎత్తున ఉంటుంది. అందుకే ఎదురు ఎవరూ లేనప్పుడు గీత దాటగానే పడిపోకుండా, గోలు వెనక మిగిలిన ఆ కాస్త జాగాలోనే మధ్యకు తిరిగి రమ్మని నేర్పాలి. పిల్లలు గీత దాటిన ఆనందంలో అక్కడే దూకేస్తారు. అది రెండు పాయింట్ల దూకుడు.

పదిహేను మంది ఆటలో బంతిని నేల మీద నిలబెట్టి కన్వర్షన్ కొడతారు. సెవెన్స్‌లో ఆ సౌకర్యం లేదు, డ్రాప్ కిక్ ఒక్కటే, అదీ 30 సెకన్లలో. బంతిని రెండు చేతులతో నిలువుగా పట్టుకుని, మొన నేలకు తగిలేలా వదలాలి. మొన నేలను తాకి లేవబోతున్న క్షణంలో కాలు తగలాలి. వదలాలి అన్నాను, విసరాలి అనలేదు. తప్పు ఇక్కడే జరుగుతుంది. చెయ్యి కొంచెం విసిరినా బంతి వాలి, ఏ పక్కకో ఎగిరిపోతుంది. తొంభై మీటర్లు పరుగెత్తి ఊపిరి అందని మనిషి చెయ్యి ఎలా ఉంటుందో మీకు తెలుసు. కాబట్టి ఈ కిక్‌ను తాజా కాళ్లతో సాధన చేయించి లాభం లేదు. పరుగు పెట్టించి, వెంటనే కొట్టించండి.

రెండో డ్రాప్ కిక్ ఆట మళ్లీ మొదలయ్యేది. సెవెన్స్‌లో స్కోరు చేసిన జట్టే సెంటర్ నుంచి కిక్ కొడుతుంది. అంటే గెలుస్తున్నవాళ్లే బంతిని అవతలివాళ్లకు పంపుతారు. దాన్ని గాల్లోనే తిరిగి అందుకోగలిగితే అవతలి జట్టు బంతి ముట్టకుండానే వరసగా రెండు ట్రైలు, కన్వర్షన్లతో కలిపి 14 పాయింట్లు పడిపోతాయి. పద్నాలుగు నిమిషాల ఆటలో అది కోలుకోలేని దెబ్బ.

బంతి కనీసం పది మీటర్లు వెళ్లాలి. వెళ్లకపోయినా, నేరుగా పక్క గీత బయట పడినా, కొట్టే మనిషి కన్నా తోటివాళ్లు ముందుకు అడుగేసినా, సెంటర్‌లో అవతలివాళ్లకు ఫ్రీ కిక్. మంచి కిక్ పదిహేను మీటర్ల దగ్గర, పక్క గీతకు చేరువగా దిగుతుంది, అంతకన్నా ముఖ్యంగా ఎత్తుగా లేస్తుంది. మూడు సెకన్లు గాల్లో ఉంటే వెంటపడేవాళ్లు దాని కిందికి చేరతారు. బల్లపరుపుగా కొడితే వాళ్లకన్నా ముందు బంతి చేరుతుంది. ఇక వెంటపడి ఏం లాభం? అందుకునే జట్టు ఒకర్ని ముందూ వెనకా పట్టి పైకి లేపుతుంది. గాల్లో ఉన్న మనిషిని లాగితే పెనాల్టీ, ఒక్కోసారి కార్డు కూడా. బంతి కోసం పోటీగా ఎగరడమొక్కటే దారి.

ఇక కబడ్డీ నుంచి అమ్మాయిలను తెచ్చేవాళ్లకు ఒక మాట. పట్టడం వాళ్లకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది, విడవడమే రాదు. కూతకొచ్చిన రైడర్‌ను విజిల్ పడేదాకా వదలకపోవడం అక్కడ గొప్ప. ఇక్కడ పడేసిన మరుక్షణం విడిచి, పక్కకు తప్పుకోవాలి. పడ్డ మనిషి కూడా బంతి వదలాలి. వదలకపోతే పెనాల్టీ ఇస్తారు, అవతలివాళ్లు బంతిని కాలితో తట్టి పరుగెడతారు, మీ వాళ్లు పది మీటర్లు వెనక్కి వెళ్లాలి. మొదటి నెలంతా ఈ ఒక్క అలవాటు మాన్పించడానికే సరిపోతుంది. మెడ మీద పట్టు, నడుం ఎత్తి తలకిందులు చేయడం ఎలాగూ ప్రమాదమే.

పసుపు కార్డు పడితే రెండు నిమిషాలు బయట. తక్కువే అనిపిస్తుంది. ఒకర్ని వెనక కాపలా ఉంచితే, డెబ్బై మీటర్ల వెడల్పును ఆరుగురు కాయాలి, మనిషికి పదకొండు పన్నెండు మీటర్లు. ఒకరు తగ్గితే పద్నాలుగు. 2016 రియో ఫైనల్లో పాసును కావాలని చేత్తో కొట్టినందుకు న్యూజిలాండ్‌కు చెందిన పోర్షియా వుడ్‌మన్ బయటికి వెళ్లింది. ఆ లోటును ఆస్ట్రేలియా వాడుకుంది, 24-17తో స్వర్ణం గెలిచింది.

పోటీ నిర్మాణం సంగతి క్లుప్తంగా. పన్నెండు జట్లు, నాలుగేసి చొప్పున మూడు పూల్‌లు. గెలుపుకు 3, డ్రాకు 2, ఓటమికి 1. పూల్‌కు ఇద్దరు, మూడో స్థానాల్లో మెరుగైన ఇద్దరు క్వార్టర్స్‌కు వెళతారు. పారిస్‌లో మూడో స్థానంలో నిలిచిన చైనా, ఐర్లండ్, జపాన్ ఒక్కో మ్యాచ్ గెలిచాయి. మ్యాచ్‌లలో చేసిన, ఇచ్చిన పాయింట్ల తేడా చూస్తే జపాన్ బయటికి పోయింది. ఓడిపోయే మ్యాచ్‌లో కూడా చివరి ట్రై ఆపడానికి ఎందుకు ప్రాణం పెడతారో ఇక అర్థమవుతుంది. పతకం దాకా వెళ్లిన జట్టుకు మూడు రోజుల్లో ఆరు మ్యాచ్‌లు. ఫైనల్లో న్యూజిలాండ్ 19-12తో కెనడాను ఓడించింది. విరామానికి 12-7తో ముందున్నది కెనడానే.

చివరిగా హూటర్. సమయం అయిపోయినట్టు అది మోగినా, బంతి ఆటలో ఉన్నంతసేపూ మ్యాచ్ ముగియదు. ముందున్న జట్టు బంతి చేతికి రాగానే పక్క గీత బయటికి తన్నేస్తే సరిపోతుంది. పెనాల్టీ వస్తే మాత్రం ఒక తిరకాసు ఉంది. దాన్ని నేరుగా బయటికి తంతే లైనౌట్ ఆడాల్సిందే, అంటే పక్క గీత దగ్గర రెండు జట్ల వరసల నడుమకు బంతి విసిరి ఆట మళ్లీ మొదలుపెట్టాలి, అవతలివాళ్లకు ఇంకో అవకాశం. ముందు బంతిని కాలితో తట్టి, చేతికి తీసుకుని, అప్పుడు బయటికి తన్నాలి.