సిమ్యులేటర్‌లో ల్యాండింగ్ వస్తుందా? సెస్నా 172తో మూడు నెలలు

హాయ్ అండీ, ముందు ఈ క్లిప్ చూడండి. శంషాబాద్ రన్‌వే, సెస్నా 172 అనే చిన్న విమానం, ఇంకో పది అడుగుల్లో నేల... ఠప్! టెంకాయ కొట్టినట్టు కొట్టాను. అది నా మొదటి వారం. మూడు నెలలుగా రోజూ రాత్రి అన్నం తిన్నాక మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఓ గంట ఇదే పని. గ్రాఫిక్స్ గురించి చెప్పను, ఆ వీడియోలు బోలెడున్నాయి. దీంతో ల్యాండింగ్ వస్తుందా రాదా, అదొక్కటే చెప్తా.

సగం వస్తుంది. ఆ సగం అప్రోచ్, అంటే రన్‌వే దాకా సరిగ్గా దిగుతూ రావడం.

నా తప్పంతా స్పీడులో ఉంది. ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక కిందకి వంగే పలకలు, పూర్తిగా దించాక ఈ విమానం ఫైనల్లో, అంటే రన్‌వేకి ఎదురుగా నేరుగా వచ్చే ఆఖరి దారిలో, 65 నాట్లతో రావాలి. నేను భయానికి 75 ఉంచేవాణ్ణి, పది నాట్లేగా, పడిపోకుండా ఉంటుందిలే అని. స్పీడు ఆ కాస్త పెరిగితే చాలు, విమానంలో ఉన్న శక్తి మూడో వంతు పెరిగిపోతుంది, అది ఖర్చయ్యేదాకా చక్రాలు నేలకి ఆనవు. పైగా రెక్కల పొడవంత ఎత్తుకి, అంటే 36 అడుగుల లోపుకి వచ్చాక గాలి వెనక్కి లాగడం తగ్గిపోతుంది, గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. ఇదిగో, రన్‌వే సగమైపోతోంది, ఇదేమో దిగనంటోంది. శంషాబాద్‌లో 4260 మీటర్లుంది కాబట్టి సరిపోయింది, చిన్న రన్‌వే అయితే పొలాల్లోకే.

సరిగ్గా వస్తున్నామో లేదో తెలియడానికి నేనేం చేశానంటే, స్క్రీన్ మీద ఒక బొట్టుబిళ్ళ అంటించా. మా ఆవిడదే, అడిగే తీసుకున్నా. రన్‌వే మొదట్లో ఉండే అంకెలు ఆ బిళ్ళ మీదే కదలకుండా ఉంటే అక్కడికే వెళ్తున్నట్టు. అంకెలు పైకి జరిగితే ముందే పడతాం, కిందకి జరిగితే దాటిపోతాం. రన్‌వే పక్కన మన ఎత్తు సరిగ్గా ఉందో లేదో చెప్పే నాలుగు పాపీ లైట్లుంటాయి, అవి రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపించాలి. నాలుగూ ఎర్రగా ఉంటే మరీ కిందున్నాం. దిగే వేగానికి ఒక చిట్కా: స్పీడుని ఐదుతో గుణించండి, 65 అయితే నిమిషానికి 325 అడుగులు. ఇదంతా సిమ్యులేటర్ చక్కగా నేర్పుతుంది.

ఫ్లేర్ మాత్రం నేర్పదు. ఆఖర్లో ముక్కు మెల్లగా ఎత్తి, చూపు రన్‌వే చివరికి పంపాలి. మానిటర్‌లో పక్కచూపు ఉండదు, కుర్చీ కిందకి జారుతున్నట్టు నడుముకి తెలియదు. ఎంత ఖరీదైన జాయ్‌స్టిక్ కొన్నా ఇంతే. వెడల్పైన రన్‌వే అయితే ఇంకా మోసం, కిందున్నామనిపించి ఇంకా పైనుండగానే ముక్కు ఎత్తేస్తాం. నా మొదటి టెంకాయ అలా కొట్టిందే.

ఇంకొకటి, చెడిన అప్రోచ్‌ని సరిచేయాలని చివరిదాకా లాగొద్దు. 2010 మే 22న మంగళూరులో 158 మంది పోయిన ప్రమాదంలో విమానం మరీ ఎత్తులో వచ్చింది, కో-పైలట్ గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి వెళ్దాం, అని మూడుసార్లు అన్నా కెప్టెన్ దిగడానికే చూశాడు. అంత అనుభవమున్న కెప్టెనే మానుకోలేకపోయాడు, మనకెందుకండీ పంతం?

నిన్న రాత్రి క్లిప్ ఇది. ఫ్లేర్‌లో ఎక్కువ లాగా, చూశారా, మళ్ళీ పైకి లేచింది, స్పీడు పడిపోతోంది... ఫుల్ త్రాటిల్, ముక్కు కాస్త కిందకి, ఫ్లాప్స్ 20కి. ఎక్కుతోంది. ఒక రౌండు తిరిగి మళ్ళీ ఫైనల్లోకి వచ్చా, స్పీడు చూడండి, 65. బిళ్ళ అంకెల మీదే ఉంది.