ఐదు స్వరమాలలు, ఆరుగురు వాద్యకారులు

శ్రోతలకు నమస్కారం.

1959 ఏప్రిల్ 22. న్యూయార్క్ 30వ వీధిలో ఒక పాత చర్చి. దాన్ని కొలంబియా కంపెనీ రికార్డింగ్ స్టూడియోగా మార్చుకుంది. ఆ రోజు అందులో ఆరుగురు జాజ్ వాద్యకారులు ఉన్నారు. నాయకుడు మైల్స్ డేవిస్, ట్రంపెట్ వాయిస్తాడు. రికార్డు చేయబోయే సంగీతానికి ట్యూన్ లేదు, పల్లవి లాంటిదీ లేదు. ఉన్నదల్లా ఐదు స్వరమాలలు (స్కేల్స్), వాటి వరుస. సోలో వాయించేవాళ్లు ఒక్కొక్కరూ తమ వంతు రాగానే ఆ ఐదింటి మీదుగా సాగాలి. ఒక్కోదానిలో ఎంతసేపు ఉండాలన్నది వాళ్ల ఇష్టం. 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డులో చివర వచ్చే 'ఫ్లమెంకో స్కెచెస్' అలా పుట్టింది.

రాగాలాపన విని పెరిగిన మనకు ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. నిజానికి మొదటి స్వరమాలలో ఉన్నవి మన శంకరాభరణం స్వరాలే, చివరి దానిలోవి ఖరహరప్రియ స్వరాలు. గమకాలు మాత్రం ఉండవు.

అసలు తేడా షడ్జం దగ్గర ఉంది. మన కచేరీలో తంబురా మొదటినుంచీ చివరిదాకా ఒకే షడ్జాన్ని పట్టుకుని ఉంటుంది. గాయకుడు ఎంత దూరం వెళ్లినా తిరిగి రావడానికి ఆ ఇల్లు ఉంది. ఇక్కడ స్వరమాల మారినప్పుడల్లా ఆ ఇల్లే కదిలిపోతుంది. శాక్సఫోన్ మీద జాన్ కోల్‌ట్రేన్ ఒక స్వరమాల వదిలి రెండోదానిలోకి అడుగు పెడితే, బేస్ వాయించే పాల్ ఛాంబర్స్, పియానో మీద బిల్ ఇవాన్స్ కూడా అప్పుడే అటు తిరగాలి. ఒకరు వెనకబడినా చెవికి తెలిసిపోతుంది. కాగితం మీద రాసింది ఎంత తగ్గితే పక్కవాడి ఊపిరిని అంత జాగ్రత్తగా వినాలి. ఈ సంగీతంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ వినడమే.

నాలుగో స్వరమాలలో స్పానిష్ సంగీతం ఛాయ ఉంది. అక్కడికి రాగానే ఎండలోంచి నీడలోకి వచ్చినట్టు ఉంటుంది.

ఆ రోజు వాళ్లు దీన్ని పూర్తిగా రెండుసార్లు వాయించారు; మిగతా ప్రయత్నాలు (టేక్‌లు) మధ్యలోనే ఆగిపోయాయి. మొదటి టేక్‌నూ రికార్డులోకి ఎక్కిన ఆరో టేక్‌నూ పక్కపక్కన పెట్టి వినండి. అవే ఐదు స్వరమాలలు, అదే వరుస. సోలోలు మాత్రం వేరు. మొదటిసారి దొరికిన అందమైన పలుకులను రెండోసారికి దాచిపెట్టుకోవాలని వాళ్లు చూడలేదు.

వినేటప్పుడు మైల్స్ ట్రంపెట్‌ను కాసేపు పక్కన పెట్టి, అడుగున వినిపించే బేస్‌ను పట్టుకోండి. ఇల్లు కదిలే క్షణం ముందుగా అక్కడే తెలుస్తుంది.