చుక్క కరెక్టే, పటం సంగతేంటి?

అందరికీ నమస్కారం. హన్మకొండలో ఓడల గురించి, జీపీఎస్‌తో, కంప్యూటర్ పటాలతో సముద్రంలో దారి చూసుకోవడం గురించి మాట్లాడమని పిలిచారంటే మా ఆవిడ నవ్వింది. నవ్వదా మరి, సముద్రం ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైనే, నీళ్లంటే మనకు భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు, సెలవు దొరికితే పాకాల. కానీ మన దేశపు సముద్ర పటాలు తయారుచేసే నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ ఎక్కడుందో తెలుసా? డెహ్రాడూన్‌లో. 1954 నుంచి అక్కడే, కొండల కింద. చేపలు ఏ దిక్కున దొరకొచ్చో మత్స్యకారులకు చెప్పే ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్ దగ్గర. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అందులోనే. కాబట్టి ఒడ్డున పుట్టలేదని మనం మొహమాట పడక్కర్లేదు.

నేను 1997లో ఓడ ఎక్కాను, ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో నావిగేషన్ డ్యూటీ చేసి దిగాను. ఇప్పుడు నా దగ్గర ఒక ట్యాబ్లెట్, ఒక పాత ల్యాప్‌టాప్, అరచేతిలో పట్టే ఒక యూఎస్‌బీ జీపీఎస్ బిళ్ల ఉన్నాయి. ముందు వరసలో మర్చంట్ నేవీ కోచింగ్ పిల్లలు కనిపిస్తున్నారు, వెనక వాళ్ల నాయనలు. ఇద్దరికీ పనికొచ్చేలా చెప్పాలని చూస్తాను.

మొన్న లక్నవరం పోయాం, మా అక్క కొడుకు, నేను. బోటులో ట్యాబ్లెట్ తెరిస్తే నీలం రంగు మధ్యలో మేమున్న చోటు చూపే చుక్క చక్కగా కదులుతోంది. వాడు చూసి, "మామా, చుక్క కరెక్టుగనే చూపిస్తుంది గని లోతెంతో చూపిస్తలేదేంది?" అన్నాడు. నేను ఈ సాయంత్రం చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. చుక్క పెట్టేది ఉపగ్రహం. లోతు చెప్పాల్సింది పటం. లక్నవరానికి నావికా పటం ఎవరూ గీయలేదు, అందుకే అక్కడ ఒట్టి నీలం రంగు. ఈ రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయి కాబట్టి ఒకటే అనుకుంటాం, ఓడలు నేలకెక్కింది చాలాసార్లు అక్కడే.

ముందు చుక్క సంగతి. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి, రోజుకు రెండు చుట్లు. అవి మనల్ని చూడవు, మనం ఉన్నామని కూడా వాటికి తెలియదు. ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసినట్టు "నేను ఫలానా చోట ఉన్నా, టైమ్ ఇంత" అని చెప్పుకుంటూ పోతుంటాయి. మన చేతిలోని చిప్పు ఆ చాటింపు ఎంత ఆలస్యంగా చెవిన పడిందో చూసి దూరం లెక్క కడుతుంది. సెకనులో పది లక్షలవ వంతు తేడా వస్తే 300 మీటర్ల తప్పు. ఫోన్‌లో గడియారం అంత గొప్పది కాదు కదా, అందుకని ఆ గడియారం తప్పును కూడా కలిపి లెక్క తీయాలంటే మూడు ఉపగ్రహాలు చాలవు, నాలుగు కావాలి. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. నెట్ ఉంటే మొదటిసారి చుక్క తొందరగా దొరుకుతుంది, అంతే తేడా. నెట్ లేకపోతే, ఉపగ్రహాల జాబితా మొత్తం ఆకాశం నుంచే దిగాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది, ఎందుకంటే ఆ సిగ్నల్ సెకనుకు 50 బిట్ల వేగంతో వస్తుంది. అంత సేపు ఓపిక లేక చాలామంది ట్యాబ్లెట్‌ను తిడతారు.

నేను ఓడ ఎక్కిన కొత్తల్లో ఈ చుక్క ఇంత నమ్మకంగా ఉండేది కాదు. అమెరికా వాళ్లు కావాలనే మామూలు జనం వాడే సిగ్నల్‌ను కొంచెం చెడగొట్టి వదిలేవాళ్లు, వంద మీటర్ల దాకా తప్పు వచ్చేది. 2000 మే నెలలో దాన్ని ఆపేశారు. ఆ వారం మా చార్ట్ రూమ్‌లో అందరం తెర చుట్టూ మూగాం, లంగరు వేసిన ఓడ గుర్తు అటూ ఇటూ తిరగడం మానేసి కుదురుగా కూర్చుంది. సంతోషించాం. ఇప్పుడనిపిస్తుంది, చుక్కను అతిగా నమ్మడం కూడా ఆ వారమే మొదలైందేమో.

ఇక పటం. కంప్యూటర్‌లో వాడే సముద్ర పటాలు రెండు రకాలు. ఒకటి కాగితం పటాన్ని స్కాన్ చేసి పెట్టింది, ఫోటో అనుకోండి, పెద్దది చేస్తే అక్షరాలు కూడా పెద్దవవుతాయి. రెండోది వెక్టర్ పటం. ఇందులో ప్రతి రాయి, ప్రతి దీపస్తంభం, ప్రతి లోతు అంకె విడివిడిగా డేటాలో ఉంటాయి, ఏ జూమ్‌లో ఏది చూపించాలో సాఫ్ట్‌వేర్ తేల్చుకుంటుంది. పెద్ద ఓడల్లో పటాలు చూపించే ఎక్‌డిస్ అనే ఆమోదించిన యంత్రం, అందులో ప్రభుత్వ ఆఫీసులు ఇచ్చే అధికారిక వెక్టర్ పటాలు ఉండాలని అంతర్జాతీయ నియమం, 2012 నుంచి 2018 దాకా ఓడల రకాన్ని బట్టి విడతలుగా అమల్లోకి వచ్చింది. మీ ట్యాబ్లెట్‌లోని యాప్ దానికి బదులు కాదు. ఇంటర్వ్యూలో అడిగితే ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

వెక్టర్ పటంలోని సుఖమూ జూమే, కష్టమూ జూమే. 2014 నవంబర్ 29న, ప్రపంచాన్ని చుట్టే వోల్వో పందెంలో వెస్టాస్ విండ్ అనే తెరచాప పడవ రాత్రి చీకట్లో పోయి మారిషస్‌కు ఈశాన్యాన ఉన్న పగడపు దిబ్బకు గుద్దుకుంది, కార్గాడోస్ కరాజోస్ అంటారు ఆ దిబ్బలను. మనుషులంతా బతికారు, పడవ నుజ్జయింది. దారి ప్లాన్ చేసేటప్పుడు వాళ్లు పటాన్ని దూరం నుంచి, అంటే తక్కువ జూమ్‌లో చూశారు. ఆ జూమ్‌లో దిబ్బ దిబ్బలా కనిపించలేదు, లోతు నీళ్లే ఉన్నట్టు అనిపించింది. దగ్గరికి జూమ్ చేసి ఉంటే కనిపించేది. డేటాలో దిబ్బ ఉంది, జీపీఎస్ కరెక్టుగా ఉంది, ఇన్ని కోట్ల పడవ, అనుభవం ఉన్న జట్టు. అయినా జూమ్ దెబ్బ కొట్టింది. అందుకే, గీసుకున్న దారి పొడుగునా జూమ్ చేసుకుంటూ వేలితో పోయి చూడాలి. విసుగు పనే. మా ఓడలో చిన్నవాళ్లతో నేను చేయించిన మొదటి పని ఇదే, నన్ను తిట్టుకునేవాళ్లని నాకు తెలుసు.

పటంలోని లోతు అంకె ఎప్పటిదో కూడా చూడాలి. ఇప్పటి తెర మీద మెరుస్తున్న అంకె, నూరేళ్ల కింద తాడుకు సీసం గుండు కట్టి నీళ్లలో వదిలి బారల్లో కొలిచింది అయి ఉండొచ్చు. ఆ గుండు పడిన చోట పక్కనే రాయి ఉంటే? ఆ గుండుకు తెలియదు కదా. అధికారిక వెక్టర్ పటాల్లో ఏ ముక్క కొలతను ఎంత నమ్మొచ్చో చెప్పే గుర్తులుంటాయి, చాలామంది వాటిని ఆపేసి పెట్టుకుంటారు, తెర నీట్‌గా కనిపించాలని.

ఇక్కడ మన నేల మీది కథ ఒకటి. భూమి ఆకారాన్ని లెక్కకట్టి దాని మీదే పటం గీస్తారు, ఆ లెక్క మారితే అన్ని చోట్లూ జరుగుతాయి. మన దేశపు పాత పటాలు ఎవరెస్ట్ 1830 లెక్క మీద గీసినవి. శిఖరానికి పేరొచ్చిన ఆ సర్వే అధికారి ఎవరెస్టే, 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ విషజ్వరం పడ్డాడు. జీపీఎస్ వాడే లెక్క వేరు, దాన్ని డబ్ల్యూజీఎస్ 84 అంటారు. మన ప్రాంతంలో ఈ రెండింటికీ వంద మీటర్ల పైనే తేడా. పొలంలో అయితే పక్కోడి గట్టు మీద నిలబడతారు, రేవు ముఖద్వారంలో అయితే కాలువ వదిలి ఇసుకలోకి పోతారు. పాత పటాన్ని స్కాన్ చేసి యాప్‌లో పెట్టేవాళ్లు ముందు దాని మూల మీద ఏ లెక్క రాసి ఉందో చదవాలి.

అంకెలు కొట్టడంలో కూడా గమ్మత్తు ఉంది. వరంగల్ అక్షాంశం సుమారు 17 డిగ్రీల 58 నిమిషాలు. దాన్ని 17.58 అని యాప్‌లో కొట్టారనుకోండి, డిగ్రీకి అరవై నిమిషాలు కాబట్టి అది వేరే చోటు, దక్షిణానికి 23 నాటికల్ మైళ్లు, అంటే 43 కిలోమీటర్లు. మీరు వరంగల్‌లో దిగాలనుకుని తొర్రూరు దిక్కు పోయినట్టు. నవ్వుతున్నారు గానీ, తెల్లవారుజామున నాలుగింటి డ్యూటీలో అంకెలు కొట్టి చూడండి.

పరికరాల విషయం త్వరగా చెప్పేస్తాను. నేను ఐప్యాడ్ కొన్నప్పుడు డబ్బు మిగులుతుందని వైఫై మాత్రమే ఉన్నది తెచ్చుకున్నాను. ఇంటికొచ్చాక తెలిసింది, వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్పే ఉండదు, సిమ్ పట్టే రకంలోనే ఉంటుంది. ఇంట్లో వైఫై సాయంతో చుక్క చూపిస్తుంది, అదే మోసం, సముద్రం మీద వైఫై ఎవడు పెట్టాడు? తప్పు నాదే, అడగకుండా కొన్నాను. రెండోది వేడి. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల దాకానే వాడమని ఆపిల్ వాళ్లే రాశారు, మన మే నెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎండలో పెడితే చల్లారే దాకా పని చేయనని మొండికేస్తుంది. తడి వేళ్లకు తెర పలకదు. పటాలు ఒడ్డున ఉండగానే డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరుచుకుంటున్నాయో లేదో ఇంట్లోనే చూసుకోవాలి.

ఆగి ఉన్నప్పుడు చుక్క పక్కన బాణం గింగిరాలు తిరుగుతుంది, పాడైందని టెన్షన్ పడకండి. జీపీఎస్‌కు మీరు ఎటు కదులుతున్నారో తెలుసు గానీ మీ ముఖం ఎటుందో తెలియదు. చెరువులో వదిలిన బతుకమ్మను చూడండి, గౌరమ్మ ఎటు తిరిగి ఉన్నా గాలి ఎటు నెడితే అటే పోతుంది. ముఖం ఎటో కావాలంటే దిక్సూచి వేరుగా ఉండాలి.

చుక్కే అబద్ధం చెప్పిన కథ ఒక్కటి చెప్పి ఆపేస్తాను. 1995 జూన్, రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడ బెర్ముడా నుంచి బోస్టన్‌కు బయల్దేరింది. గంట తిరక్కుండానే జీపీఎస్ యాంటెన్నా వైరు ఊడింది. యంత్రం ఆగిపోలేదు, ఆగినా బాగుండేది. దిక్సూచి చెప్పే దిక్కు, వేగం కొలిచే యంత్రం చెప్పే వేగం మాత్రమే పట్టుకుని "ఇక్కడ ఉండి ఉంటాం" అని ఊహించి చూపిస్తూ పోయింది, తెర మూలన రెండు చిన్న అక్షరాలు మాత్రం మారాయి. ఎవరూ చూడలేదు. లోతు తగ్గితే మోగాల్సిన అలారం సున్నా మీటర్ల దగ్గర పెట్టి ఉంది. మర్నాడు రాత్రి అమెరికా తీరంలోని నాన్‌టకెట్ దీవి దగ్గర ఇసుక దిబ్బ ఎక్కేసరికి ఓడ దారికి 17 మైళ్లు పక్కన ఉంది, లోపల పదిహేను వందల మంది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు.

సరే, ఇంక వినడం చాలు. ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌సీపీఎన్ వేసి పెట్టాను, సముద్ర పటాలు చూపే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. అమెరికా ప్రభుత్వం తన పటాలను ఉచితంగానే ఇస్తుంది, నాన్‌టకెట్ పటం అందులోనే దించాను. ఒక్కొక్కరూ వచ్చి ఆ దిబ్బ ఏ జూమ్‌లో కనిపిస్తుందో, ఏ జూమ్‌లో మాయమవుతుందో మీ వేలితోనే చూడండి. తర్వాత ఈ జీపీఎస్ బిళ్లను గుచ్చి కిటికీ దగ్గర పెడదాం. ఒకవేళ మౌస్ బాణం దయ్యం పట్టినట్టు తెరంతా ఎగిరితే నవ్వకండి, బిళ్ల పంపే అంకెలను విండోస్ ఒక్కోసారి పాతకాలపు మౌస్ అనుకుంటుంది. ఓడలో మొదటిసారి అలా అయినప్పుడు వైరస్ అనుకుని రాత్రంతా పరేషాన్ అయ్యాను. డివైస్ మేనేజర్‌లో ఆ దొంగ మౌస్‌ను డిసేబుల్ చేస్తే సరి. రా బాబూ, ఆ నీలం చొక్కా, నువ్వే ముందు రా.