143 రోజుల విమానం

శ్రోతలకు నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో తయారైన ఒక ప్రయోగ జెట్ విమానం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. దాని పేరు ఎక్స్‌పీ-80. కాలిఫోర్నియాలో, బర్బాంక్ అనే ఊళ్లో లాక్‌హీడ్ కంపెనీ దాన్ని కట్టింది. ఈ విమానం మాటెత్తితే చాలు, 143 రోజుల్లో కట్టేశారని అందరూ గొప్పగా చెబుతారు. అది గొప్పే, కాదనను. కానీ ఆ రోజులు గడిచాక జరిగిన పని, ఆ పనిలో పోయిన ప్రాణాలు కూడా అంతే గుర్తుండాలని నా కోరిక.

1943 నాటికి యుద్ధం ముమ్మరంగా ఉంది. జర్మన్ల మెసర్‌ష్మిట్ 262 అంతకు ముందు సంవత్సరం జులైలోనే జెట్ ఇంజన్లతో ఎగిరింది. అమెరికాకూ ఒక జెట్ లేకపోలేదు, బెల్ కంపెనీ చేసిన పీ-59. ఎవరికంటా పడకూడదని, నేల మీద ఉన్నప్పుడు దాని ముక్కుకు ఉత్తుత్తి ప్రొపెల్లర్ తగిలించేవాళ్లు. అంత గుట్టుగా చేసినా, మంచి ప్రొపెల్లర్ ఫైటర్లను వేగంలో అది మించలేకపోయింది. దాంతో ఇంకా మంచి జెట్ చేయమని సైన్యం లాక్‌హీడ్‌ను అడిగింది. అక్కడి ఇంజనీరు కెల్లీ జాన్సన్‌కు అప్పుడు 33 ఏళ్లు. 180 రోజుల్లో విమానం చేతికిస్తానని ఒప్పుకున్నాడు.

ఫ్యాక్టరీలో ఖాళీ లేదు. ఇంజన్లు వచ్చిన పెద్ద చెక్కపెట్టెలను విప్పి గోడలు కట్టారు, పైన సర్కస్ డేరా అద్దెకు తెచ్చి కప్పారు. ఇంజనీర్లు, మెకానిక్‌లు అందరూ కలిసి సుమారు నూటముప్ఫై మందే. గీసేవాళ్లు, బిగించేవాళ్లు ఒకచోటే కూర్చున్నారు. కాగితం మీద గీత పూర్తయిందంటే నాలుగడుగుల్లో అది రేకు కోసే మనిషి చేతిలో ఉండేది. ఆమోదం కోసం ఫైలు మేడలెక్కి దిగే పనే లేదు. ఈ పద్ధతే అసలు విశేషమని నేననుకుంటాను. ఇంజన్ ఇంగ్లండ్ నుంచి రావాలి, అది ఆలస్యమైంది. అయినా పని ఆపలేదు, కొలతలు చూసుకుని చెక్కతో నమూనా ఇంజన్ చేసుకుని దాని చుట్టూ విమానం కట్టుకుంటూ పోయారు.

నవంబర్‌లో విమానాన్ని మోహావీ ఎడారిలోని మ్యూరాక్ వైమానిక స్థావరానికి తీసుకెళ్లారు. అక్కడ నేల మీద ఇంజన్ నడిపి చూశారు. జెట్ ఇంజన్ గాలిని ఎంత బలంగా లాగుతుందో ఆ రోజు వాళ్లకు తెలిసొచ్చింది. గాలి లోపలికి వెళ్లే దారులు కాక్‌పిట్‌కు ఇరువైపులా ఉంటాయి. పూర్తి శక్తితో నడిపేసరికి ఆ దారుల పల్చటి రేకు లోపలికి కుంగిపోయి, ముక్కలు ఇంజన్‌లోకి దూసుకెళ్లాయి. ఇంజన్ పాడైపోయింది. ఉన్నది అదొక్కటే! బ్రిటిష్ వాళ్లు తమ వాంపైర్ విమానం కోసం ఉంచుకున్న ఇంజన్‌నే ఇచ్చి పుణ్యం కట్టుకున్నారు. ఆ వాంపైరే తర్వాత 1948లో మన వాయుసేనకు తొలి జెట్ ఫైటర్ అయింది.

దారులను గట్టిపరిచి, కొత్త ఇంజన్ బిగించి, 1944 జనవరి 8న మైలో బర్చమ్ అనే పైలట్ దాన్ని గాలిలోకి లేపాడు. కొద్ది నిమిషాల్లోనే దించేశాడు. చక్రాలు పైకి ముడుచుకోలేదు, విమానాన్ని పక్కలకు వంచడానికి రెక్కల చివర ఉండే ఐలరాన్లనే పలకలు పైలట్ చెయ్యి తగిలితే చాలు అతిగా కదులుతున్నాయి. సరిచేసుకుని మళ్లీ ఎగిరాడు. ఈసారి చూస్తున్నవాళ్ల తలల మీదుగా దూసుకుపోయాడు. తర్వాతి పరీక్షల్లో ఆ విమానం గంటకు 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్లు దాటింది.

అసలు పరీక్ష ఇక్కడి నుంచే. 1944 అక్టోబర్‌లో, మరింత శక్తిమంతమైన ఇంజన్ పెట్టిన రకంలో బర్చమ్ టేకాఫ్ అయ్యాడు. ఇంజన్‌కు ఇంధనం అందించే పంపు పాడైంది. నేలకు అంత దగ్గర్లో ఇంజన్ ఆగిపోతే ఏం చేయగలడు? ప్రాణం పోయింది. అతని చావు తర్వాత, మొదటి పంపు మొరాయిస్తే ఆదుకోవడానికి రెండో పంపు ఒకటి పెట్టారు. దాన్ని పైలట్ స్విచ్ వేసుకోవాలి. 1945 మార్చిలో టోనీ లెవియర్ అనే మరో పైలట్ నడుపుతుండగా ఇంజన్ లోపల తిరిగే టర్బైన్ చక్రం పగిలి తోకను కోసేసింది. అతను పారాచూట్‌తో దూకాడు, వెన్నెముక విరిగినా బతికాడు.

ఆగస్టు 6న మేజర్ రిచర్డ్ బాంగ్ వంతు. 40 శత్రు విమానాలను కూల్చిన వీరుడు, అమెరికాలో ఆ లెక్క దాటినవాళ్లు లేరు. ఎక్స్‌పీ-80 ప్రయోగ నమూనా అయితే, దాన్నుంచి వచ్చిన ఫైటర్ పేరు పీ-80. బర్బాంక్‌లో కొత్త పీ-80తో లేచిన కాసేపటికే పంపు పనిచేయడం మానేసింది, బాంగ్ ప్రాణం పోయింది. రెండో పంపు స్విచ్ వేసి లేదని విచారణలో తేలింది. హిరోషిమా మీద బాంబు పడ్డదీ ఆ రోజే. ఎంత అనుభవం ఉన్నా ఆ విమానం అతనికి కొత్తదే కదా, తప్పంతా అతని మీద వేయడానికి నాకు మనసొప్పదు.

యుద్ధం అయ్యేలోపు పీ-80లు శత్రువుతో తలపడలేదు. తర్వాత కొరియాలో పోరాడాయి. ప్రమాదాలు మాత్రం తగ్గలేదు, ప్రొపెల్లర్ విమానాలకు అలవాటుపడ్డవాళ్లను పక్కన కూర్చుని నేర్పేవాడు లేకుండానే జెట్ ఎక్కించేవాళ్లు మరి. అందుకే లాక్‌హీడ్ వాళ్లు ఆ విమానాన్నే మూడడుగులకు పైగా సాగదీసి, వెనక గురువు కోసం ఇంకో సీటు పెట్టి శిక్షణ విమానంగా మార్చారు. అదే టీ-33. 1948 మార్చిలో దాన్ని మొదటిసారి ఎగిరించింది ఎవరనుకుంటున్నారు? వెన్ను విరిగి లేచిన టోనీ లెవియరే.